పంప్ హౌస్‌లో గేట్‌వే: మోడెం, సీరియల్ లైన్ల పని డైరీ

పని ఏంటంటే

మార్కాపురం వైపు ఒక తాగునీటి స్కీము పంప్ హౌస్‌లో గేట్‌వే, అంటే మీటర్ల రీడింగులు చదివి సిమ్ ద్వారా ఆఫీసుకు పంపే డబ్బా, పెడుతున్నాం. చుట్టుపక్కల కొన్ని ఊళ్లకు నీళ్లు ఈ సంపు నుంచే వెళ్తాయి. ఇప్పటిదాకా లెక్కంతా రిజిస్టర్‌లోనే. ఆపరేటర్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మీటర్ రీడింగులు రాసుకుని ఆఫీసుకు ఫోన్ చేసి చెబుతాడు. రాత్రి మోటార్ ట్రిప్ అయితే ఆ సంగతి ఆఫీసు కంటే ముందు, తెల్లారి కొళాయి దగ్గర బిందె పెట్టిన వాళ్లకు తెలుస్తుంది. ఆ వరస మార్చడానికే ఈ పని.

ప్యానెల్‌లో ఉన్నవి: 30 హెచ్‌పీ మోటార్లు రెండు (ఒకటి నడుస్తుంటే ఒకటి స్టాండ్‌బై), వాటికి ఒక వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే పరికరం), ఒక ఎనర్జీ మీటర్, డెలివరీ పైపు మీద మ్యాగ్ ఫ్లో మీటర్, 180 మీటర్ల దూరంలో సంపు మీద నీటి మట్టం చెప్పే లెవల్ ట్రాన్స్‌మిటర్. గోడకు పాత క్లోరిన్ ఎనలైజర్ ఒకటి ఉంది. దానికి ఆర్‌ఎస్-232 (ఒక పరికరాన్ని ఇంకొక్కదానికే కలిపే సీరియల్ లైన్) తప్ప వేరే దారి లేదు. మిగతావన్నీ ఆర్‌ఎస్-485 (ఒకే వైర్ల జత మీద చాలా పరికరాలు కలిసే సీరియల్ లైన్) మీద మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే భాష మాట్లాడతాయి.

గేట్‌వే డిన్ రైల్ మీద కూర్చునే చిన్న లినక్స్ డబ్బా. రెండు ఆర్‌ఎస్-485 పోర్టులు, ఒక యూఎస్‌బీ, లోపల క్వెక్టెల్ ఈసీ25-ఈ మోడెం. ఆ మోడెంలో బ్యాండ్ 3, 5, 8, 40 అన్నీ ఉన్నాయి కాబట్టి మన దగ్గరి 4జీకి సరిపోతుంది.

నేను పెట్టుకున్న షరతు ఒకటే. కరెంటు పోయి వచ్చినా, సిగ్నల్ పోయి వచ్చినా, ఈ డబ్బా మనిషి చెయ్యి తగలకుండా దానంతట అదే లేవాలి. ఆఫీసు నుంచి అక్కడికి మనిషి వెళ్లి రావడమంటే ఒక పూట పోయినట్టే. ప్రతి సెట్టింగునూ ఆ లెక్కలోనే చూస్తున్నాను.

సోమవారం: బెంచి మీద మోడెం

మోడెంతో మొదలుపెట్టాను. సీరియల్ వైపు ఏం జరిగినా మల్టీమీటర్ పట్టుకుని నేనే వెతుక్కోగలను. మోడెం వైపు సిమ్ యాక్టివేషన్, ఏపీఎన్ (సిమ్ ఏ దారిన నెట్‌కి వెళ్లాలో చెప్పే పేరు) లాంటివి వేరేవాళ్ల చేతిలో ఉంటాయి. వాళ్లను ముందే కదిలిస్తే నా పని ఆగదు.

పవర్ ఇవ్వగానే లినక్స్‌లో నాలుగు సీరియల్ పోర్టులు కనపడ్డాయి, టీటీవై-యూఎస్‌బీ 0 నుంచి 3 దాకా. ఈసీ25లో వీటి వరస ఇది: 0 డయాగ్నస్టిక్స్‌కి, 1 జీపీఎస్‌కి, 2 ఏటీ కమాండ్లకి (మోడెంకి ఇచ్చే ఆదేశాలు), 3 పాత పద్ధతి డయలింగ్‌కి. కొత్తగా ఈ పని చేసేవాళ్లు సున్నా నంబర్ పోర్టు తెరిచి ఏటీ కొట్టి, జవాబు రాలేదని మోడెంనే అనుమానిస్తుంటారు. తెరవాల్సింది 2.

అక్కడ ఏటీ అంటే ఓకే అంది. ఏటీ+సీపిన్? అంటే రెడీ, అంటే సిమ్ చదివింది, పిన్ లాక్ లేదు. ఏటీ+సీఎస్‌క్యూ అంటే 17,99. మొదటి అంకెను రెండుతో గుణించి అందులోంచి 113 తీసేస్తే సిగ్నల్ బలం డీబీఎంలో వస్తుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. 17 అంటే మైనస్ 79. ఆఫీసులో ఈ సిగ్నల్ బాగానే ఉన్నట్టు. 99 వస్తే మోడెంకి సిగ్నల్ ఎంతో తెలియదని అర్థం, బ్రహ్మాండంగా ఉందని కాదు. రెండో అంకె దగ్గర 99 రావడం మాత్రం మామూలే. తర్వాత ఏటీ+సీఈరెగ్? కొట్టాను. 0,1 వస్తే సొంత నెట్‌వర్క్‌లో చేరింది, 0,5 అయితే రోమింగ్, 0,2 అయితే ఇంకా వెతుకుతోంది, 0,3 అయితే నెట్‌వర్క్ రానివ్వలేదు. మనకు 0,1 వచ్చింది.

చేరింది కానీ డేటా లేదు. ఇది ఎం2ఎం సిమ్. మన దేశంలో 2018 నుంచి మెషీన్ల సిమ్‌లకు 13 అంకెల నంబర్ ఇస్తున్నారు, ఇది అలాంటిదే. వీటికి ఏపీఎన్ వేరేగా ఉండొచ్చు, ఫోన్ సిమ్‌కి పెట్టే ఏపీఎన్ పెడితే కుదరకపోవచ్చు. సిమ్‌తో వచ్చిన కాగితంలో ఏపీఎన్ రాయలేదు. ఫోన్ చేసి అడిగి రాయించుకునేసరికి మధ్యాహ్నం దాటింది. అది అందాక ఏటీ+సీజీడీకాంట్ కమాండ్‌తో మొదటి ప్రొఫైల్‌లో పెట్టి, మళ్లీ చదివి సరిచూశాను. సిమ్ కొనేటప్పుడే ఏపీఎన్, ఐపీ రకం, ఏ పోర్టులు మూసి ఉన్నాయి, ఈ మూడూ కాగితం మీద రాయించుకోవడం ఎంతో మేలు.

నెట్ పైకి తేవడానికి రెండు దారులున్నాయి. ఒకటి పీపీపీ: 3వ నంబర్ సీరియల్ పోర్టు మీద *99# డయల్ చేయడం. హేస్ కంపెనీ 1981లో తెచ్చిన స్మార్ట్‌మోడెం నుంచి నడుస్తున్న ఏటీ పద్ధతి ఇది, ఇప్పటికీ పనిచేస్తుంది. రెండోది క్యూఎంఐ: మోడెం లినక్స్‌కి నేరుగా నెట్‌వర్క్ కార్డులా కనపడుతుంది, డబ్ల్యూవాన్0 అనే ఇంటర్‌ఫేస్ వస్తుంది. నేను క్యూఎంఐ తీసుకున్నాను. స్పీడ్ కోసం కాదు, మనం పంపేది చాలా తక్కువ డేటా. డేటా నడుస్తుండగానే 2వ పోర్టు మీద సిగ్నల్ ఎంతుందో అడగొచ్చు, డయలర్ ఎక్కడ ఇరుక్కుందో అని లాగ్‌లు తవ్వే పని ఉండదు.

ఐపీ వచ్చింది, 100.64తో మొదలయ్యేది. ఇది సిమ్ కంపెనీ లోపలి అడ్రస్. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న పరిధిని 2012లో దీనికోసమే పక్కన పెట్టారు. అర్థం ఏంటంటే, గేట్‌వే బయటికి మాట్లాడగలదు, బయటి నుంచి ఎవరూ నేరుగా గేట్‌వే తలుపు తట్టలేరు. మనకు అదే మంచిది. మోడ్‌బస్‌కి పాస్‌వర్డ్ అనేదే లేదు. నెట్‌లో మోడ్‌బస్ వాడే 502 పోర్టును ఇంటర్నెట్‌కి తెరిచిపెడితే ఎవరైనా వచ్చి వీఎఫ్‌డీకి కమాండ్ ఇవ్వొచ్చు. అందుకే గేట్‌వే లోపలి నుంచి మన సర్వర్‌కి వైర్‌గార్డ్ టన్నెల్ (ఇంటర్నెట్ లోంచే వెళ్లే, తాళం వేసిన సొంత దారి) పెట్టాను. సిమ్ కంపెనీ వైపు దారి మూసుకుపోకుండా 25 సెకన్లకోసారి ఒక చిన్న ప్యాకెట్ పోతుంది. హెడర్లతో కలిపి 60 బైట్లు. రోజుకు 3,456 ప్యాకెట్లు, అంటే సుమారు 207 కిలోబైట్లు, నెలకు 6 ఎంబీ పైచిలుకు. చిన్న డేటా ప్లాన్‌లో కూడా ఇది ఇమిడిపోతుంది.

మంగళవారం: సీరియల్ లైన్, ఇంకా బెంచి మీదే

సైట్‌కి తీసుకెళ్లే ముందు ఎనర్జీ మీటర్ లాంటిదే ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టుకున్నాను.

మోడ్‌బస్‌ని మోడికాన్ కంపెనీ 1979లో తెచ్చింది. ఆర్‌ఎస్-485 ప్రమాణం 1983 నాటిది. వయసు చూసి తక్కువ అంచనా వేయొద్దు, పద్ధతి చాలా నిక్కచ్చిగా ఉంటుంది. బళ్లో మాస్టారు హాజరు పిలిచినట్టే: ఒక్కరే పిలుస్తారు, పేరు వచ్చినవాళ్లే పలుకుతారు, మిగతావాళ్లు నోరు మెదపరు. ఇద్దరికి ఒకే నంబర్ ఉంటే ఇద్దరూ ఒకేసారి పలికి రెండూ పాడవుతాయి. కాబట్టి లైన్ మీద ఒక్కోటీ కలుపుతూ, ప్రతిదానికీ నంబర్ మార్చి, స్టిక్కర్ అంటించి, అప్పుడు తర్వాతిది. చాలా మీటర్లు కంపెనీ నుంచి 1వ నంబర్‌తోనే వస్తాయి.

మొదటి ప్రశ్న ఇలా వెళ్లింది: 01, 03, 00 00, 00 02, చివర సీఆర్‌సీ (దారిలో తప్పు జరిగితే పట్టే అంకె) సీ4, 0బీ. మొత్తం 8 బైట్లు. ఒకటో నంబర్ పరికరమా, మూడో ఫంక్షన్ (చదివే పని), సున్నా నుంచి మొదలుపెట్టి రెండు రిజిస్టర్లు (మీటర్ లోపల అంకెలు ఉండే గదులు) చదివి చెప్పు అని అర్థం. 9600 స్పీడులో ఒక్కో అక్షరం (బైటు) దాదాపు 1.04 మిల్లీసెకన్లు, అంటే ప్రశ్న వెళ్లడానికి 8 మిల్లీసెకన్లు దాటుతుంది. ఒక మెసేజ్ అయిపోయిందని తెలియడానికి మూడున్నర అక్షరాల నిశ్శబ్దం ఉండాలి. ఆ నిశ్శబ్దం మధ్యలో పడితే మెసేజ్ రెండు ముక్కలైపోతుంది. యూఎస్‌బీ కన్వర్టర్లు వాడేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నవి బైట్లను 16 మిల్లీసెకన్ల దాకా దాచి ఇస్తాయి. లేటెన్సీ టైమర్‌ని 1కి తగ్గిస్తే తేడా కంటికి కనపడుతుంది.

జవాబు వచ్చింది: 01, 03, 04, తర్వాత 43 66 80 00, ఆ వెనక సీఆర్‌సీ. ఇక్కడ కాసేపు ఆగాలి. 43 66 80 00 అంటే ఐట్రిపుల్ఈ ఫ్లోట్ (దశాంశ అంకెలను బైట్లలో రాసే పద్ధతి) లెక్కలో సరిగ్గా 230.5. మీటర్ డిస్‌ప్లే మీదా 230.5 వోల్టులే ఉంది. కానీ సాఫ్ట్‌వేర్ రెండు రిజిస్టర్ల వరస తిరగేసి చదివితే అవే నాలుగు బైట్లు 80 00 43 66 అవుతాయి. అది సున్నాకి ఎంత దగ్గరంటే, స్క్రీన్ మీద మైనస్ 0.0 అని వస్తుంది. లైన్ బాగుంది, సీఆర్‌సీ సరిపోయింది, ఎర్రర్ ఎక్కడా లేదు, వోల్టేజ్ మాత్రం సున్నా. అది చూసి వైరింగ్ విప్పడం మొదలుపెడితే రోజంతా పోతుంది. అందుకే బెంచి మీద ముడి బైట్లు చూడకుండా ఏ మీటర్‌నీ సైట్‌కి పంపకూడదని నా పట్టుదల.

ఇంకో సంగతి. మాన్యువల్‌లో 40001 అని రాసి ఉంటే లైన్ మీద వెళ్లేది 0. కొన్ని మాన్యువల్స్ నేరుగా 0 నుంచి రాస్తాయి, కొన్ని 1 నుంచి. అందుబాటులో లేని రిజిస్టర్ అడిగితే మీటర్ 83, 02 అని జవాబిస్తుంది. ఈ ఎర్రర్ వస్తే సంతోషించాలి. వైరింగ్, స్పీడు, నంబర్ అన్నీ సరిగ్గా ఉన్నాయి, అడ్రస్ ఒక్కటే చూసుకోవాలి అని అది చెబుతోంది.

క్లోరిన్ ఎనలైజర్‌కి ఆర్‌ఎస్-232 కాబట్టి తొమ్మిది పిన్నుల కనెక్టర్. కేబుల్ నేరుగా ఉండాలా, 2, 3 పిన్నులు మార్చి ఉండాలా అనేది మాన్యువల్‌లో ఒకలా, పరికరంలో ఒకలా ఉంటుంది. దీనికి మల్టీమీటర్ ఉంటే చాలు. పరికరానికి పవర్ ఇచ్చి, కేబుల్ పెట్టకుండా, 5వ పిన్ను నుంచి 2, 3 పిన్నుల వోల్టేజ్ చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఏ పిన్ను మీద మైనస్ 5 నుంచి మైనస్ 12 వోల్టుల మధ్య ఉందో, అదే పరికరం పంపే వైపు. దాన్ని మన చదివే పిన్నుకు కలపాలి. ఎనలైజర్ 3 మీద మైనస్ 9 చూపించింది. మన కన్వర్టర్ కూడా 3 మీదే పంపుతుంది. అంటే క్రాస్ కేబుల్ కావాలి.

పోర్టుల పేర్లు

ఎనలైజర్ కోసం పెట్టిన యూఎస్‌బీ కన్వర్టర్ కూడా టీటీవై-యూఎస్‌బీ అనే పేరుతోనే వస్తుంది. మోడెం ముందు లేస్తే కన్వర్టర్‌కి 4 వస్తుంది, కన్వర్టర్ ముందు లేస్తే దానికి 0, మోడెంకి 1 నుంచి 4. అంటే కరెంటు పోయి వచ్చిన రోజున ఎనలైజర్‌ని చదివే ప్రోగ్రాం వెళ్లి మోడెం పోర్టు తెరవొచ్చు. బెంచి మీద నెలరోజులు బాగా నడిచి సైట్‌లో మాత్రం పడిపోయే సిస్టంలలో ఇలాంటివి చాలా ఉంటాయి.

యూడెవ్ రూల్స్ (పరికరాన్ని గుర్తుపట్టి దానికి పేరు పెట్టమని లినక్స్‌కి చెప్పేవి) రాశాను. మోడెం అయితే 2సీ7సీ, 0125 ఐడీతో, అందులో ఎన్నో ఇంటర్‌ఫేస్ అనేదానితో పట్టుకుని "మోడెం-ఏటీ" అనే స్థిరమైన పేరు. కన్వర్టర్‌ని దాని సీరియల్ నంబర్‌తో పట్టుకుని "క్లోరిన్" అనే పేరు. చవక కన్వర్టర్లలో చాలావాటికి సీరియల్ నంబర్ ఉండదు. అప్పుడు ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉందో దాన్ని బట్టి పట్టుకోవాలి, ఆ రంధ్రం మార్చకుండా చూసుకోవాలి. వంద, రెండు వందలు ఎక్కువైనా సీరియల్ నంబర్ ఉన్నది కొనమని నేను చెబుతాను.

ఈ గేట్‌వే సాఫ్ట్‌వేర్‌లో మోడెంమేనేజర్ అనే ప్రోగ్రాం ఉంది. కొత్త సీరియల్ పోర్టు కనపడితే అది మోడెమేమో అని ఏటీ అక్షరాలు పంపి చూడటం దాని పద్ధతి. ఏ పోర్టులను అలా తడమాలన్నది వెర్షన్‌నీ సెట్టింగులనీ బట్టి ఉంటుంది. ఎనలైజర్‌కి అర్థంకాని అక్షరాలు పోవడం నాకిష్టం లేదు. ఆ కన్వర్టర్‌ని పట్టించుకోవద్దని అదే రూల్‌లో ఒక లైను రాశాను. రీబూట్ చేసి, కన్వర్టర్ తీసి పెట్టి, మోడెంని ఒక్కదాన్నే రీసెట్ చేసి చూశాను. పేర్లు నిలబడ్డాయి.

గురువారం: సైట్‌లో కేబుళ్లు

పంప్ హౌస్‌లో మొదటి శత్రువు వీఎఫ్‌డీ నుంచి మోటార్‌కి వెళ్లే కేబుల్. దాని పక్కనే ఆర్‌ఎస్-485 వేస్తే సీఆర్‌సీ ఎర్రర్లు వరస కడతాయి, అదీ మోటార్ తిరిగినప్పుడే. ప్యానెల్‌లో ఖాళీ ఉన్న ట్రంకింగ్ ఒకటే, అందులో మోటార్ కేబుల్ ఉంది. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి గోడ రెండో వైపు నుంచి వేరే పీవీసీ పైపు వేయించాను. ఒక్కచోట మాత్రం మోటార్ కేబుల్‌ని దాటక తప్పలేదు, అక్కడ నిలువుగా అడ్డం దాటించాం. షీల్డ్ ఉన్న ట్విస్టెడ్ పెయిర్ వాడాం. షీల్డ్‌ని ప్యానెల్ వైపు ఎర్త్‌కి కలిపి, రెండో చివర టేప్ చుట్టి వదిలేశాం.

సంపు దగ్గరికి 180 మీటర్లు. ఆర్‌ఎస్-485కి తక్కువ స్పీడులో 1200 మీటర్ల దాకా ఇబ్బంది ఉండదు, దూరం సమస్య కాదు. కానీ రెండు చోట్ల ఎర్త్ వేరు. ఆర్‌ఎస్-485 రిసీవర్ తన గ్రౌండ్‌తో పోలిస్తే మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల దాకా తట్టుకుంటుంది. రెండు ఎర్త్‌ల మధ్య తేడా దాన్ని మించితే లైన్ నోరు మూస్తుంది, ఒక్కోసారి చిప్ పోతుంది. అందుకే ఏ, బీ అనే రెండు సిగ్నల్ వైర్లతోపాటు మూడో వైరు కూడా వేసి రెండు వైపులా సిగ్నల్ గ్రౌండ్‌కి కలిపాం. ఆరుబయట పోయే కేబుల్ కాబట్టి రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్. పిడుగులు పడే కాలంలో దాని విలువ తెలుస్తుంది.

ఏ, బీ దగ్గర అందరికీ తలనొప్పే. ప్రమాణంలో లైన్ ఖాళీగా ఉన్నప్పుడు బీ వైపు వోల్టేజ్ ఎక్కువ. చాలా కంపెనీలు దానికి తిరగేసి ఏ పక్కన ప్లస్ గుర్తు వేస్తాయి. మా ఫ్లో మీటర్‌కీ ఎనర్జీ మీటర్‌కీ గుర్తులు ఒకదానికొకటి తిరగబడి ఉన్నాయి. గుర్తులు నమ్మకుండా, ఒక్కో పరికరాన్ని లైన్‌కి కలపకుండా పవర్ ఇచ్చి, రెండు టెర్మినల్స్ మధ్య వోల్టేజ్ చూసి, ప్లస్ వచ్చినదానికి ఎర్ర ఫెరూల్ (వైరు చివర తొడుగు), రెండోదానికి నల్ల ఫెరూల్ వేయించాను. అప్పుడు ఎర్రకు ఎర్ర, నల్లకు నల్ల. రేపు మీటర్ మార్చడానికి వచ్చే మనిషికి కూడా ఇదే దారి చూపిస్తుంది.

టెర్మినేషన్ (సిగ్నల్ లైన్ చివర తగిలి వెనక్కి రాకుండా పెట్టే రెసిస్టర్లు) చూడటానికి ఒక తేలిక పరీక్ష ఉంది. అన్నింటికీ పవర్ తీసేసి లైన్ రెండు వైర్ల మధ్య ఓమ్‌లు కొలవాలి. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటే 60 దరిదాపుల్లో రావాలి. 120 వస్తే ఒక చివర లేదు. 40 వస్తే ఎవరో మధ్యలో మూడోది ఆన్ చేశారు. మాకు 41 వచ్చింది. ఫ్లో మీటర్ లోపల చిన్న డిప్ స్విచ్ కంపెనీ నుంచే ఆన్‌లో ఉంది. అది ఆఫ్ చేశాక 61. ఆ తర్వాత పవర్ ఇచ్చి, ఎవరూ మాట్లాడనప్పుడు లైన్ మీద వోల్టేజ్ చూశాను. 200 మిల్లీవోల్టుల కంటే తక్కువ ఉంటే రిసీవర్‌కి అది ఒకటో సున్నానో తేలదు, లేని అక్షరాలు పుట్టుకొస్తాయి. గేట్‌వేలో బయాస్ రెసిస్టర్లు (ఖాళీ లైన్‌ని ఒక వోల్టేజ్ దగ్గర పట్టి ఉంచేవి) ఆన్ చేశాక 310 వచ్చింది.

వీఎఫ్‌డీని ఒక్కదాన్నే రెండో పోర్టు మీద పెట్టాను. కారణం ఉంది. ఒక పరికరం చచ్చిపడితే గేట్‌వే దానికోసం టైమవుట్ అయ్యేదాకా ఎదురుచూస్తుంది, మళ్లీ అడుగుతుంది. ఒక సెకను టైమవుట్, మూడుసార్లు ప్రయత్నం అంటే ఆ మూడు సెకన్లూ మిగతా మీటర్లు ఖాళీ. అందుకే టైమవుట్ 300 మిల్లీసెకన్లకు తగ్గించి, రెండుసార్లు పలకనిదాన్ని కాసేపు పక్కన పెట్టి మిగతావి చదవమని చెప్పాను.

అంకెలు సరిచూడటం

డేటా వస్తోంది. కానీ వచ్చిన అంకె నిజమని ప్యానెల్ ముందు నిలబడి తేల్చుకోకుండా దాన్ని ఆఫీసు స్క్రీన్ మీదికి పంపను. ఆపరేటర్‌ని పక్కన నిలబెట్టుకుని ఒక్కొక్కటీ చదివించాను. ఆయన ఈ ప్యానెల్‌తో ఏళ్లుగా ఉన్న మనిషి. ఫోన్‌లో నా స్క్రీన్ చూసి వెంటనే పట్టేశాడు.

"సార్, మోటార్ తిరుగుతుంటే రెండు యాంప్స్ ఏంటి? మీటర్ మీద నలభై ఒకటి ఉంది కదా."

నిజమే. నా దగ్గర 2.05 చూపిస్తోంది. ప్యానెల్‌లో సీటీలు (కరెంటును కొలతకు తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్లు) 100 బై 5, అంటే 100 యాంప్స్‌ని 5గా తగ్గించి ఇస్తాయి. మీటర్ డిస్‌ప్లే మీద ఆ నిష్పత్తి గుణించి చూపిస్తుంది, రిజిస్టర్‌లో మాత్రం సీటీ తగ్గించి ఇచ్చిన కరెంటే ఉంచుతుంది. 2.05ని 20తో గుణిస్తే 41. క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే 40.8. యూనిట్ల లెక్కకూ, కిలోవాట్లకూ ఇదే గుణకం పెట్టాలి. ఇది వదిలేస్తే కరెంటు బిల్లు లెక్క ఇరవయ్యో వంతు కనపడేది. మూడు ఫేజులనూ క్లాంప్‌తో సరిచూసి, ఫ్లో మీటర్ టోటలైజర్ అంకెను రిజిస్టర్‌లో ఆయన చేతి రాతతో పోల్చి, అప్పుడు ఒప్పుకున్నాను.

తర్వాత ఆయన అడిగింది వేరే సంగతి. "ఇక మోటార్ మీరు ఆఫీసు నుంచే వేస్తారా సార్?" లేదన్నా, ఇది చూస్తుంది అంతే, వేయడం ఆపడం మీ చేతిలోనే అని చెప్పాను. మాట మీద వదిలేయలేదు. గేట్‌వేలో 5, 6, 15, 16 రాత ఫంక్షన్లన్నీ మూసేసి, 3, 4 మాత్రమే పోనిచ్చాను. వీఎఫ్‌డీ వైపు కూడా కంట్రోల్ సోర్స్ ప్యానెల్ స్విచ్‌గానే ఉంచాను. మనిషి నీళ్లలోకి దిగి, పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వ్ చూస్తున్నప్పుడు ఎక్కడో ఆఫీసులో బటన్ నొక్కితే మోటార్ తిరిగే ఏర్పాటు నాకు వద్దు.

శుక్రవారం: సిగ్నల్

ప్యానెల్ లోపల ఏటీ+సీఎస్‌క్యూ 6, అంటే మైనస్ 101. ఇనుప ప్యానెల్, పైన స్లాబు, పడమర వైపు గుట్ట. ఈ ప్రాంతంలో పలకల రాయి గుట్టలు చాలా ఉన్నాయి, టవర్ వాటి వెనక ఉంది. సీఎస్‌క్యూ ఒక్కటే చూసి నిర్ణయించొద్దు. 4జీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవర్ నుంచి అందే సిగ్నల్ బలం), సిగ్నల్‌కీ రొదకీ మధ్య తేడా రెండూ చూడాలి. క్వెక్టెల్‌లో క్యూఈఎన్‌జీ కమాండ్ సర్వింగ్ సెల్ వివరాలు ఇస్తుంది. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 117. పని నడుస్తుంది కానీ వాన పడిన రోజున ఏమవుతుందో అని టెన్షన్.

మేడ మీద ఆంటెన్నా పెట్టి కిందికి పొడవైన కేబుల్ లాగుదామని మొదట అందరూ అనేది. సన్నటి ఆర్‌జీ-58 కోయాక్స్ 10 మీటర్లు వేస్తే 1800 మెగాహెర్ట్జ్ దగ్గర నాలుగో వంతు సిగ్నల్ కూడా కిందికి చేరదు. పైన సంపాదించింది దారిలోనే పోతుంది. గేట్‌వేనే పైకి జరిపే వీలు ఇక్కడ ఉంది: స్లాబు కింద, తూర్పు గోడకు చిన్న ఫైబర్ పెట్టె బిగించి గేట్‌వే అందులోకి మార్చాం. ప్యానెల్ నుంచి ఆర్‌ఎస్-485 కేబుల్‌నే ఇంకో 8 మీటర్లు పొడిగించాం, దానికి 8 మీటర్లు లెక్కలోకే రాదు. ఆంటెన్నా కేబుల్ రెండు మీటర్లలో అయిపోయింది. మోడెంకి రెండు ఆంటెన్నా సాకెట్లు ఉంటాయి. మెయిన్ ఒక్కదానికే పెట్టి రెండోది వదిలేస్తే బలహీనమైన చోట నష్టం బాగా తెలుస్తుంది. రెండూ పెట్టాం, ఒకటి నిలువుగా, ఒకటి ఏటవాలుగా.

ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 98కి వచ్చింది. మోడెం బ్యాండ్ 5 మీద కూర్చుంది. 850 మెగాహెర్ట్జ్ కాబట్టి గుట్ట అంచుల మీదుగా వంగి రావడంలో బ్యాండ్ 40 వాడే 2300 కంటే మెరుగు. బ్యాండ్ 5కే లాక్ చేద్దామా అని కాసేపు ఆలోచించి మానేశాను. టవర్ వాళ్లు ఏదైనా మార్చిన రోజున లాక్ చేసిన మోడెం ఒంటరిగా మిగిలిపోతుంది.

శనివారం: కరెంటు తీసి చూడటం

ఎంసీబీ ఆఫ్ చేశాను. 24 వోల్టుల డీసీ యూపీఎస్ మీద గేట్‌వే నిలబడింది. దీని వాడకం 6 వాట్లు మించదు, చిన్న బ్యాటరీ మీదే గంటల తరబడి ఉంటుంది. కానీ కరెంటుతోపాటు ఎనర్జీ మీటర్ కూడా ఆరిపోయింది. మీటర్ పలకకపోవడం చూసి అది కరెంటు కోతో, కేబుల్ తెగిందో ఆఫీసులో తెలియదు. ఫేజ్ రిలే (కరెంటు ఉందో లేదో చూసే స్విచ్) నుంచి ఒక కాంటాక్ట్ తీసి గేట్‌వే డిజిటల్ ఇన్‌పుట్‌కి కలిపాం. ఇప్పుడు "కరెంటు లేదు" అనేది వేరే సందేశం.

తర్వాత బ్యాటరీ కూడా తీసి, కాసేపు ఆగి, అన్నీ ఇచ్చాను. మోడెం లేచింది, ఐపీ వచ్చింది, సీరియల్ చదువుతోంది, టన్నెల్ మాత్రం లేవలేదు. కారణం గడియారం. ఈ గేట్‌వేలో బ్యాటరీ ఉన్న ఆర్‌టీసీ (కరెంటు పోయినా నడిచే గడియారం) లేదు, లేవగానే పాత తేదీ పట్టుకుంటుంది. వైర్‌గార్డ్ ప్రతి హ్యాండ్‌షేక్‌లో (టన్నెల్ మొదలుపెట్టే పలకరింపులో) సమయం రాసి పంపుతుంది, అంతకు ముందు చూసినదాని కంటే పాత సమయం వస్తే ఎవరో పాత ప్యాకెట్ తిరిగి పంపుతున్నారని సర్వర్ దాన్ని పడేస్తుంది. దాని పని అది సరిగ్గా చేస్తోంది. మన ఏర్పాటులో ఎన్‌టీపీ (నెట్ మీద సరైన సమయం తెచ్చేది) టన్నెల్ లోపలి సర్వర్‌ని అడుగుతోంది. సమయం కావాలంటే టన్నెల్ ఉండాలి, టన్నెల్ కావాలంటే సమయం ఉండాలి. ఎన్‌టీపీని టన్నెల్ బయటికి మార్చి, సమయం సరిపడ్డాకే వైర్‌గార్డ్ మొదలయ్యేలా వరస మార్చాను. మళ్లీ అన్నీ తీసి ఇస్తే మూడు నిమిషాల్లోపు ఆఫీసు స్క్రీన్ మీద కనపడింది. ఆర్‌టీసీ మాడ్యూల్ కూడా ఆర్డర్ పెట్టాను. నెట్ లేని సమయంలో దాచుకున్న రీడింగులకు సరైన టైం పడాలంటే అది కావాలి.

మోడెం ఇరుక్కుపోతే ఏం చేయాలో మెట్లుగా రాశాను. టన్నెల్ అవతలి చివర ఐదు నిమిషాలు పలకకపోతే ఇంటర్‌ఫేస్ దించి ఎత్తడం. పదిహేను నిమిషాలైతే ఏటీ+సీఎఫ్‌యూఎన్=1,1తో మోడెం రీసెట్. అరగంటైతే మోడెంకి పవరే తీసి ఇవ్వడం. గేట్‌వే మొత్తాన్ని రీబూట్ చేయడం చివరి మెట్టు, అదీ చాలా గంటల తర్వాతే. మోడెం వైపు ఏం జరిగినా సీరియల్ వైపు మీటర్లు చదవడం, డిస్క్ మీద దాచడం ఆగకూడదు. ఆంటెన్నాలు విప్పేసి కూర్చుని మెట్లన్నీ జరిగేదాకా చూశాను. మోడెం రీసెట్ అయినప్పుడల్లా పోర్టు నంబర్లు మారాయి, యూడెవ్ పేర్లు మాత్రం మారలేదు. ఆంటెన్నాలు మళ్లీ బిగించాక దాచిన రీడింగులు ఒకదాని వెనక ఒకటి టైముతో సహా చేరాయి.

నిమిషానికోసారి పంపితే, ఒక్కో సందేశం 300 బైట్లు అనుకుంటే, నెలకు 13 ఎంబీ. హెడర్లు, టన్నెల్ ప్యాకెట్లు కలుపుకున్నా మా ప్లాన్‌లో సగం కూడా అవదు.

మిగిలిన పని

ప్యానెల్ తలుపు లోపల లామినేట్ చేసిన కాగితం అంటించాను. ఏ నంబర్ ఏ పరికరం, స్పీడు 9600, పారిటీ లేదు, ఎర్ర ఫెరూల్ ప్లస్, లైన్ మధ్య 61 ఓమ్‌లు, సీటీ గుణకం 20, సిమ్ నంబర్ చివరి నాలుగు అంకెలు. ఎలక్ట్రీషియన్, ఆపరేటర్ ఇద్దరితోనూ చదివించాను.

ఓవర్‌హెడ్ ట్యాంకు ఇంకా మిగిలింది. అది ఊరి అవతల, ఆర్‌ఎస్-485కి అందే 1200 మీటర్ల కంటే దూరం, మధ్యలో రోడ్డు. కేబుల్ ఆలోచన వదిలేసి, లైసెన్స్ అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో లోరా (కొద్దిపాటి డేటాను చాలా దూరం పంపే) రేడియో చూస్తున్నాం. ట్యాంకు మీదికి ఎక్కే నిచ్చెన తుప్పు పట్టి ఉంది. అది బాగుచేశాక ట్యాంకు పని మొదలవుతుంది.